చెల్లెలి ప్రకటన

నా చెల్లెలి దుకాణం మూతపడాలని నేను కోరుకున్నాను. ఇలాంటి కోరికలు చాలామందికి ఉంటాయి, పైకి చెప్పరు, అంతే. నేను చెబుతున్నాను. నా కోరిక తీరింది కాబట్టి ఇక దాచి ప్రయోజనం లేదు.

మాది విగ్గుల దుకాణం. అమ్మ పెట్టింది. ముందొక కౌంటరు, దాని వెనక కొలతల గది, ఆ గదికి సందులోకి తెరుచుకునే ఇంకో తలుపు. బోర్డు మీద విగ్గు అన్న మాటే ఉండదు. అమ్మ ముద్దుపేరు, దాని కింద చిన్న అక్షరాలతో 'జుట్టు పని' అని, అంతే. అద్దాలన్నీ లోపలి గోడకి. వీధిలో పోయేవాళ్ళకి లోపల ఎవరు కూర్చున్నారో కనిపించకూడదని అమ్మ పట్టుబట్టి అలా కట్టించింది.

అమ్మకి పద్ధతులు ఎక్కువ. కొలతకి వచ్చిన మనిషి ఫోటోలు దుకాణం ఫోనులో తీయకూడదు, పక్క నుంచీ వెనక నుంచీ వాళ్ళ ఫోనులోనే తీసి చూపించి వాళ్ళ ఫోను వాళ్ళకి ఇచ్చేయాలి. గదిలో విన్న మాట గుమ్మం దాటకూడదు. అన్నిటికంటే పెద్ద పద్ధతి ఇంకొకటి ఉంది. బయటెక్కడైనా కస్టమరు ఎదురుపడితే మనం ముందు పలకరించకూడదు. వాళ్ళు పలకరిస్తే సరే, లేదంటే వాళ్ళెవరో మనకి తెలియదు. పెళ్ళి పందిట్లో పక్క కుర్చీలో కూర్చున్నా సరే.

"ఎందుకమ్మా? నవ్వితే ఏమవుతుంది?" అని చెల్లెలు చిన్నప్పుడు అడిగింది.

"దాచుకోవాల్సింది వాళ్ళకి ఉంది, మనకి కాదు. పలకరించాలో లేదో వాళ్ళిష్టం" అంది అమ్మ. మమ్మల్నిద్దర్నీ అద్దం ముందు నిలబెట్టి, తెలిసిన మొహాన్ని తెలియనట్టు ఎలా చూడాలో నేర్పించింది. కోపం ఉండకూడదు, నవ్వు ఉండకూడదు, కళ్ళు ఎక్కడా ఆగకూడదు. నాకు నవ్వొచ్చేసేది. చెల్లెలికి మొదటి రోజే వచ్చేసింది.

పని కూడా దానికే వచ్చింది. కొయ్యతో చేసిన తల మీద వల బిగించి, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకే లాగి ముడి వేయాలి. ఒక విగ్గుకి నెల పడుతుంది. దాని వేళ్ళు సన్నం. నా వేళ్ళకి అరటిపళ్ళని పేరు పెట్టింది కూడా అదే. అమ్మ కొన్నాళ్ళు చూసి, "నువ్వు కౌంటరు చూసుకో తల్లీ, నీకు నోరుంది" అంది. పొగిడిందనే అనుకున్నాను అప్పట్లో.

అమ్మ పోయిన ఏడాదికి మరిది, అంటే చెల్లెలి మొగుడు, ఇంటర్నెట్లో ప్రకటనలు వేద్దామన్నాడు. మొహం చాటేసుకుని సందులోంచి వచ్చేవాళ్ళకి దండోరా ఎందుకని నేను నవ్వాను. చెల్లెలు మొగుడి వైపు నిలబడింది. మాటా మాటా పెరిగింది. "సూది పట్టుకోవడం తప్ప నీకేం వచ్చు? ఒక్క రోజు కౌంటర్లో నిలబడి చూడు" అన్నాను. "చూస్తాను" అంది. చూడటానికి ఊరికి ఆ చివర సొంత దుకాణం పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ అమ్మ కొయ్య తల కూడా పట్టుకుపోయింది.

నేను ఫ్యాక్టరీ నుంచి తయారు విగ్గులు తెప్పించి, లేబుళ్ళు కత్తిరించి, చేతిపని అని అమ్మాను. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినవాళ్ళు నోరెత్తలేదు. ఈ వ్యాపారంలో ఉన్న సుఖమే అది, మోసపోయిన మనిషి వీధిలో నిలబడి అరవలేడు. అయినా ఏడాది తిరిగేసరికి సందు తలుపు తట్టేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. నవ్విన నోటితోనే ప్రకటనలు వేసే మనిషి కోసం వాకబు చేశాను.

ప్రకటనల మేడమ్ మంగళవారం మంగళవారం వచ్చేది. కౌంటరు మీద కంప్యూటరు పెట్టుకుని, పెన్ను మూత నమలుతూ మాట్లాడేది. ఆవిడకీ నాకూ పదేళ్ళు తేడా ఉండదు, అయినా నన్ను ఆంటీ అని పిలిచేది. "చాలా సింపుల్ ఆంటీ. ఎవరైనా ఫోనులో విగ్గు అని వెతికారనుకోండి, మన పేరు పైన కనిపిస్తుంది. కనిపించినందుకు డబ్బు కట్టక్కర్లేదు. నొక్కితేనే కట్టాలి. ఒక్కో నొక్కుకి ఇంత అని. రోజుకి మొత్తం ఇంతే అని మనం హద్దు పెట్టుకుంటాం. ఆ హద్దు దాటితే ఆ రోజుకి మన ప్రకటన మాయం."

"సరే, మా దుకాణం పేరు కొట్టి చూపించు" అన్నాను.

కొట్టింది. అమ్మ ముద్దుపేరు కొడితే మొట్టమొదట నా చెల్లెలి దుకాణం వచ్చింది. మేము దాని కింద. మొహం లేని ఫోటో, రెండు చేతులు, వాటి కింద కొయ్య తల. ఆ చేతులు ఎవరివో ఎవరూ చెప్పక్కర్లేదు నాకు. 'ఒక్కొక్క వెంట్రుకా చేత్తోనే' అని రాసుంది. అందులో అబద్ధం లేదు, అందుకే నాకు కడుపు మండిపోయింది.

"మన పేరు మీద వాళ్ళు డబ్బు కడుతున్నారు ఆంటీ. అందరూ చేసేదే. తప్పేం కాదు" అంది మేడమ్.

"ఎవరైనా పనిలేక ఊరికే నొక్కారనుకో? అప్పుడూ వాళ్ళకి డబ్బు పోతుందా?"

"పోతుంది. కానీ ఒకే ఫోను నుంచి పదేపదే నొక్కితే కంపెనీ వాళ్ళు పట్టేసి, ఆ నొక్కులు లెక్కలోంచి తీసేస్తారు. వేరేవేరే ఫోన్లయితే పట్టుకోవడం కష్టం." పెన్ను మూత నోట్లోంచి తీసి నా మొహంలోకి చూసింది. "మీరు అలాంటివి పెట్టుకోకండి ఆంటీ."

"ఛ, ఛ. సొంత చెల్లెలికా?" అన్నాను.

మర్నాటి నుంచే మొదలుపెట్టాను. వేరేవేరే ఫోన్లు నాకు ఎక్కడినుంచి వస్తాయని వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. అమ్మ పెట్టిన పద్ధతి ఉండనే ఉంది. కొలతకి వచ్చిన ప్రతి మనిషీ తన ఫోను తాళం తీసి నా చేతిలో పెట్టేది. నేను రెండు ఫోటోలు తీసి, "వెలుతురులో ఎలా వచ్చాయో చూస్తానుండండి" అని కౌంటరు వైపు నడిచేదాన్ని. విగ్గు అని కొట్టి, చెల్లెలి చేతుల మీద నొక్కి, ఆ పేజీ పూర్తిగా తెరుచుకునేదాకా ఆగి, మూసేసి, వెతికిన గుర్తు చెరిపేసి తెచ్చి ఇచ్చేదాన్ని. అరనిమిషం పని. మా మరిది పిసినారి, రోజుకి ఆరేడు నొక్కులకి మించి హద్దు పెట్టి ఉండడని నాకు తెలుసు. కొన్ని రోజులైతే మధ్యాహ్నం మూడింటికల్లా చెల్లెలి ప్రకటన మాయమయ్యేది. ఆ పూట నాకు టీ ఎంత రుచిగా ఉండేదో చెప్పలేను.

డ్రాయింగ్ టీచర్ వచ్చింది ఆ రోజుల్లోనే. సందు తలుపు తట్టి, తీశాక కూడా లోపలికి రావడానికి ఆలోచించింది. నలభై దాటి ఉంటాయి. గోళ్ళ సందుల్లో నీలం రంగు. తలకి కట్టుకున్న గుడ్డ విప్పితే, అక్కడక్కడా మిగిలిన జుట్టు గుడ్డతో పాటే రాలింది. ఆమె దాన్ని ఏరి గుప్పిట్లో పెట్టుకుంది, ఎక్కడ పారేయాలో తెలియక.

"రెండు డోసులు అయ్యాయండీ. ఇంకా నాలుగున్నాయి" అంది. "నాకు జుట్టు గురించి దిగుల్లేదు. మా అమ్మకి తెలియకూడదు, అంతే."

"తెలియదు. మీ పాత ఫోటో చూపించండి, అచ్చం అలాగే చేస్తాను."

"అది కాదండీ, మీకు పూర్తిగా చెప్పాలి. మా అన్నయ్య ఇదే జబ్బుతో పోయాడు. నాలుగేళ్ళయింది. అప్పుడు మా అమ్మ ముద్ద ముట్టడం మానేసింది. ఆస్పత్రిలో పడేసి సూదులతో బతికించుకున్నాం. ఇంకోసారి ఇలాంటిది వింటే గుండె తట్టుకోదని డాక్టరు నాతో ఖరాఖండీగా చెప్పాడు. ఆరో డోసు అయ్యాక నేనే చెప్తాను. బతికాను కాబట్టి చెప్తున్నానమ్మా అని చెప్తాను. అప్పటిదాకా ఎలాగైనా నెట్టుకురావాలి."

నాకు ఏడుపొచ్చింది. నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం. ఆమె గుప్పిట విప్పి, ఆ జుట్టు నేనే తీసుకుని కాగితంలో చుట్టాను. "ఈ గుమ్మం దాటదు టీచర్ గారూ. మా అమ్మ మీద ఒట్టు" అన్నాను.

ఆమె ఫోను తాళం తీసి ఇచ్చింది. "త్వరగా ఇచ్చేయండి, మా అమ్మ నిద్ర లేచిందంటే పాటలు పెట్టమని అడుగుతుంది. ఆవిడకి ఈ ఫోనే రేడియో" అని నవ్వింది.

ఫోటోలు తీశాను. వెలుతురులో చూస్తానని కౌంటరు దగ్గరికి వెళ్ళాను. కళ్ళ తడి ఇంకా ఆరలేదు. చెల్లెలి చేతుల మీద నొక్కాను.

రెండు నెలలు గడిచాయి. ప్రకటనలకి డబ్బు పోస్తున్నాను, చెల్లెల్ని కుదిరినప్పుడల్లా మధ్యాహ్నానికే మాయం చేస్తున్నాను, అయినా నా దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాను. కొలతలిచ్చి వెళ్ళినవాళ్ళు రెండోసారి రావడం లేదు. ఫోను చేస్తే, "వేరే చోట తీసుకున్నామండీ" అంటున్నారు. ఎక్కడ అంటే నసుగుతున్నారు.

మేడమ్‌ని నిలదీశాను. ఆవిడ కంప్యూటరు అటూ ఇటూ తిప్పి చూసి, "వాళ్ళది వెంటాడే ప్రకటన కూడా ఉంది ఆంటీ" అంది.

"వెంటాడటమేంటి, దెయ్యమా?"

"దాదాపు అంతే. ఎవరైనా వాళ్ళ పేజీ ఒక్కసారి చూస్తే చాలు, ఆ ఫోనుకి గుర్తు పడుతుంది. ఇక నెలల తరబడి ఆ ఫోనులో ఏం తెరిచినా వాళ్ళ ప్రకటన వస్తుంటుంది. పాటల మధ్యలో, వార్తల పక్కన, వంటల వీడియోల్లో. జబ్బుల పేరు పెట్టి అలా వెంటాడకూడదని రూలుంది కాబట్టి వాళ్ళు వట్టి జుట్టు అని, చేతిపని అని మాత్రమే పెట్టారు. పేజీ చూసినవాళ్ళకే ఇది. చూడనివాళ్ళకి రాదు."

"వెతికిన గుర్తు చెరిపేస్తే?"

"మీ కంటికి కనిపించదు. ఆ గుర్తు పోదు."

నేను కుర్చీలో కూర్చున్నాను. నా గుమ్మం తొక్కిన ప్రతి మనిషి ఫోనునీ నా చేతులతో నేనే తీసుకెళ్ళి చెల్లెలికి అప్పగించాను. వాళ్ళంతా నా ఫ్యాక్టరీ సరుకు చూసి ఇంటికెళ్ళి, రోజుకి పదిసార్లు దాని చేతులు చూసి, అటే పోయారు. నా అంత తెలివైనది ఈ వ్యాపారంలో ఇంకొకతి పుట్టి ఉండదు.

ఆ తర్వాత డ్రాయింగ్ టీచర్ గుర్తొచ్చింది. వాళ్ళ అమ్మకి ఆ ఫోనే రేడియో అన్న మాట గుర్తొచ్చింది.

"అది రాకుండా ఆపడానికి ఏమైనా ఉందా?" అని అడిగాను.

"ఆ ప్రకటన మూల చిన్న గుర్తుంటుంది. దాన్ని నొక్కి వద్దంటే ఆ ఫోనులో ఆగిపోతుంది. ఎవరికి కావాలి ఆంటీ?"

"ఎవరికీ వద్దు. ఊరికే అడిగాను."

టీచర్ నంబరు నా దగ్గర ఉంది. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. మీ ఫోనులో ఫలానా ప్రకటన వస్తోందా, మూల నొక్కండి అని చెప్పడానికి నిమిషం పట్టదు. కానీ ఆ మాట నాకెలా తెలిసిందని ఆమె అడుగుతుంది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ రోజులు జరిపాను. ఆమె నాలుగో డోసు కూడా అయిపోయింది, ఇంకెంత, రెండే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒక పొద్దున వీధి తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. మా దగ్గరికి ముందు తలుపు నుంచి వచ్చేవాళ్ళు తక్కువ. పొట్టి మనిషి, చేతిలో జిప్పు సంచి. కౌంటరు పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"నువ్వేనా అమ్మాయ్ పెద్దదానివి? మీ చెల్లెలు పంపింది నన్ను."

కుర్చీ లాగాను. కూర్చోలేదు. సంచిలోంచి ఫోను తీసింది. నీలం రంగు అంటిన కవరు. ఆ ఫోను నాకు తెలుసు.

"ఇది మా అమ్మాయిది. పొద్దున్నే పాటలు పెట్టి నాకిచ్చి తను స్నానానికి వెళ్తుంది. పాట మధ్యలో రోజూ ఈ చేతులు వస్తాయి. మొదట్లో బాగున్నాయే అనుకున్నాను, ఏదో అల్లిక పని అనుకున్నాను. మొన్న పక్కింటావిడ చదివి చెప్పింది, విగ్గులని. అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. మా అమ్మాయి ఈమధ్య తల దువ్వనివ్వడం లేదు. చెయ్యి వేయబోతే పక్కకి జరుగుతుంది." ఆగి, నోరు తడుపుకుంది. "నా కొడుకొకడు పోయాడమ్మా. వాడికీ ఇలాగే…"

"మా చెల్లెలు ఏమంది?" అన్నాను.

"ఇవాళ స్కూలుకి సెలవని పిల్ల పడుకుంది. ఫోను పట్టుకుని ఆటో ఎక్కి వెళ్ళాను. అడ్రసు పక్కింటావిడ చదివి చెప్పిందిగా. మీ చెల్లెలు మంచినీళ్ళిచ్చింది. 'ఇవి అందరికీ వస్తాయి పెద్దమ్మా, దారిలో కాగితాలు పంచినట్టే, ఎవరి చేతిలో పడితే వాళ్ళకి' అంది. నిజమేనా అన్నాను. ఏమందో తెలుసా?" పెద్దావిడ మొహంలో నవ్వు లాంటిది కనిపించింది. "'నమ్మకం కుదరకపోతే మా అక్కని అడగండి. మా ఇద్దరికీ పడదు, నా కోసం అది అబద్ధమాడదు' అంది. అంత ధైర్యంగా చెప్పాక ఇంక అడగడమెందుకు అనుకున్నాను. కానీ మనసు ఊరుకోదుగా. ఒక్క మాట చెప్పమ్మా, వెళ్ళిపోతాను. అందరికీ వస్తాయా ఇవి?"

అంతా నాకు అర్థమైంది. ఎవరి కూతురో, ఏ జబ్బో చెల్లెలికి తెలియదు. ఒక తల్లి భయపడుతూ వస్తే, గదిలో మాట గుమ్మం దాటకూడదన్న అమ్మ పద్ధతిని అది గుడ్డిగా పాటించింది. నేనూ పాటిస్తానని నమ్మి పంపింది. పడదన్న మాటనే సాక్ష్యంగా వాడుకుంది. ఇక నేను తల ఊపితే చాలు. అవును పెద్దమ్మా, అందరికీ వస్తాయి. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కూడా.

"బంగారం లాంటి పిల్ల నీ చెల్లెలు" అంది పెద్దావిడ. "చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, ఆటో డబ్బులు కూడా తనే ఇచ్చింది. మీ అమ్మ ఎవరో గానీ, పెంపకమంతా ఆ పిల్లలో కనిపిస్తోంది."

"మా చెల్లెలు మీకు అబద్ధం చెప్పింది" అన్నాను.

ఆవిడకి వినపడలేదేమో అనుకున్నాను. అలాగే చూస్తోంది. ఇంకోసారి చెప్పాను, ఈసారి విడమరిచి చెప్పాను. "అందరికీ రావు. ఆ దుకాణాన్ని ఫోనులో తెరిచి చూసినవాళ్ళకే వస్తాయి. కావాలంటే మీ పక్కింటావిడ ఫోను చూడండి. సరుకు అమ్ముకోవడం కోసం మిమ్మల్ని మభ్యపెట్టింది. మీ అమ్మాయి ఫోనులో ఎవరూ వెతకకుండా ఆ చేతులు రావు."

"విగ్గులు ఎందుకు వెతుకుతుంది నా కూతురు?"

"ఇంటికెళ్ళి ఆమెనే అడగండి. తల మీద చెయ్యి వేసి అడగండి."

ప్రకటన గురించి నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ ఫోనులో వెతికింది నేనని మాత్రం చెప్పలేదు.

పెద్దావిడ ఫోను సంచిలో పెట్టుకుంది. జిప్పు పట్టడం లేదు. నేను చెయ్యి చాపితే వద్దన్నట్టు వెనక్కి జరిగింది. "వాడికీ ముందు జుట్టే పోయింది" అని, నాతో కాకుండా, తనలో తనే అనుకుంది. వీధి దాటి బస్టాపులో నిలబడింది. రెండు బస్సులు వచ్చాయి. ఎక్కలేదు. మూడోది వచ్చినప్పుడు నేను చూడటం మానేశాను.

పది రోజులకి చెల్లెలు ఫోను చేసింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి. హలో కూడా లేదు.

"ఒక్క అబద్ధం ఆడలేకపోయావా అక్కా?"

"నీ కోసం నేనెందుకు ఆడాలి?" అన్నాను. సిద్ధంగా పెట్టుకున్న మాట అది.

"నా కోసమా?" అంది. దాని వెనక ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. "ఆ టీచర్ నాకు ఫోను చేసింది. ఇష్టమొచ్చినట్టు తిట్టింది. పెద్దావిడ ఆస్పత్రిలో ఉందట. విగ్గుల కొట్టులో చెప్పారు అని ఒక్క మాట అని, తర్వాత నోరు విప్పలేదట. నేనే చెప్పానని టీచర్ అనుకుంటోంది."

"నువ్వేం చెప్పావు మరి?"

"క్షమించమన్నాను."

"నా పేరు చెప్పలేదా?"

"పెద్దావిడ నీ కొట్టుకి వచ్చిందన్నది గదిలో మాటే కదక్కా. గుమ్మం ఎలా దాటిస్తాను?" దాని గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. "ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. నా పేజీ ఎప్పుడూ తెరవలేదని ఆ టీచర్ ఒట్టేసి చెబుతోంది. మరి ఆ ఫోనుకి నా ప్రకటన ఎలా వెళ్ళింది?"

"నాకేం తెలుసు? ఆ యంత్రాలన్నీ నీ మొగుడివి" అన్నాను.

"సరే" అంది. పెట్టేసింది.

నెల తర్వాత డ్రాయింగ్ టీచర్ సందు తలుపు తట్టింది. ఆమె కాదేమో అనుకున్నాను. అంత సన్నబడింది. తల చిక్కిపోయి విగ్గు చెవుల మీదికి జారుతోంది, బిగించమని వచ్చింది.

"అమ్మ పోయిందండీ" అంది కుర్చీలో కూర్చుంటూ. "ముద్ద ముట్టలేదు. సూదులు కూడా పీకేసుకుంది. నీకంటే ముందు నేను వెళ్ళాలి అంది, అదే చివరి మాట. ఐదో డోసు రోజున నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను, వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా వెళ్ళాలనిపించలేదు. ఇప్పుడు మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టాలంటున్నాడు డాక్టరు. చూడాలి."

నేను వల అంచులో సూది దించుతున్నాను. ఆ ఫ్యాక్టరీ వల అప్పటికే ఒక చోట చిరిగింది.

"ఊరవతల ఉందే ఆ కొట్టు, వాళ్ళు నా కొంప ముంచారు" అంది. "నాకు వాళ్ళెవరో కూడా తెలియదు. ఆస్పత్రిలో కనపడిన ప్రతి మనిషికీ చెబుతున్నాను, ఆ గుమ్మం తొక్కొద్దని. డాక్టర్లకీ చెప్పాను, నర్సులకీ చెప్పాను. మీ పేరే చెబుతున్నాను అందరికీ. మాట ఇచ్చి నిలబెట్టుకున్నది మీరొక్కరే."

చెప్పడానికి అదే సమయం. అద్దంలో ఆమె కళ్ళు నా కళ్ళనే చూస్తున్నాయి.

"మా అమ్మ నేర్పిన పద్ధతి అండీ అది" అన్నాను.

బిగించడం అయ్యాక ఆమె తన ఫోను తాళం తీసి నాకు ఇచ్చింది. పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తీశాను. ఈసారి కౌంటరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాల్సిన అవసరం లేకపోయింది.

ఆస్పత్రి వరండాల్లో మాట పాకినంత వేగంగా ఏ ప్రకటనా పాకదు. మూడు నెలలు తిరక్కుండా చెల్లెలి దుకాణానికి తాళం పడింది. మేడమ్ మంగళవారం వచ్చి, విగ్గు అని కొట్టి, కంప్యూటరు నా వైపు తిప్పింది. "పోటీయే లేదు ఆంటీ! పైన మీరే, కింద మీరే." ఆ రోజు ఆవిడకి టీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టించాను.

నిజం చెప్పాలంటే ఆ చేతుల కోసం తర్వాత రెండు మూడుసార్లు వెతికాను. నా ఫోనులో కూడా ఇన్నాళ్ళూ రోజూ కనిపించేవి కదా. పాటల మధ్యలో ఏవేవో వచ్చాయి, చెప్పులు, పరుపులు, అప్పులిచ్చేవాళ్ళు. అవి రాలేదు.

నిన్న బ్యాంకు మెట్లు దిగుతుంటే చెల్లెలు ఎదురుగా వస్తోంది. సోఫాలకి గుడ్డ కుట్టే చోట పనిచేస్తోందని విన్నాను, వేళ్ళకి ప్లాస్టర్లు చుట్టి ఉన్నాయి. ఇద్దరి మధ్యా నాలుగు అడుగులు కూడా లేవు. తిడుతుందనుకున్నాను. తిట్టనీ, నడివీధిలో జుట్టు పట్టుకోనీ, జవాబులన్నీ సిద్ధం చేసుకునే ఉన్నాను. మొహం తిప్పుకున్నా సరే అనుకున్నాను.

అది మొహం తిప్పుకోలేదు. నన్ను చూసింది. కోపం లేదు, నవ్వు లేదు, కళ్ళు ఎక్కడా ఆగలేదు. అమ్మ మమ్మల్ని అద్దం ముందు నిలబెట్టి నేర్పిన చూపు అది. చెల్లెలికి మొదటి రోజే వచ్చేసిన చూపు. కొలతల గదిలో ఫోను ఎవరి చేతికి వస్తుందో దానికీ తెలుసు. ప్రకటన ఆ ఫోనుకి ఎలా వెళ్ళిందో దానికి తెలిసిపోయింది. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఇక చెప్పదు కూడా. దాని లెక్కలో ఇప్పుడు నేనూ ఒక కస్టమర్ని.

ముందు నేనే పలకరించాలి. నేను పలకరించలేదు. నా పక్క నుంచి మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది.